ఐరిష్ ‘ఓలవ్’ మన ఆస్థాన కవి లాంటివాడేనా?

మీ అబ్బాయి ఐర్లాండ్‌లోని గాల్వేలో చదువుతున్నాడనీ, అక్కడ ప్రొఫెసర్ల పేర్ల ముందు ఐరిష్‌లో ‘అన్ టోలవ్’ (అన్ అంటే ఇంగ్లీషు ‘ది’ లాంటిది, అసలు మాట ఓలవ్) అని రాసి ఉంటుందనీ, ఒకప్పుడు అదే మాట రాజు పక్కన కూర్చునే కవికి బిరుదుగా ఉండేదని ఎక్కడో చదివాననీ రాశారు. మూడు ప్రశ్నలు అడిగారు. అది మన ఆస్థాన కవి లాంటి పదవేనా? కవి తిడితే రాజు ముఖం మీద బొబ్బలు లేచేవన్నది ఎంతవరకు నిజం? అంత గొప్ప పదవి చివరికి ఏమైపోయింది? ఈ గేలిక్ (ఐర్లాండ్, స్కాట్లాండ్‌ల పాత భాష) కవుల పద్యాలను, వాటి వెనక ఉన్న చరిత్రను చాలా ఏళ్లుగా ఇష్టంగా చదువుతూ వస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు: కాదు. రాజు, కవి, సన్మానం, భూదానం అన్నీ రెండు చోట్లా కనిపిస్తాయి, అందుకే ఆ పోలిక వెంటనే తడుతుంది. కానీ ఆస్థాన కవి అన్నది రాజు ఇస్తే వచ్చే గౌరవం. ఓలవ్ అన్నది ముందు ఒక విద్యార్హత, దానికి చట్టంలో రాసిపెట్టిన విలువ ఉంది. అతన్ని పరీక్షించేది మరో ఓలవ్. ఆ పరీక్ష నెగ్గాకే రాజు ఆ హోదాను ఖాయం చేస్తాడు. పైగా కవులకే కాదు, న్యాయానికీ, చరిత్రకూ, వైద్యానికీ, సంగీతానికీ, చివరికి వడ్రంగానికీ కూడా ఓలవ్‌లు ఉండేవారు. ఏ విద్యలోనైనా పై మెట్టు ఎక్కినవాడు ఓలవ్. ఇప్పటి ప్రొఫెసర్ దాకా ఆ బిరుదు వచ్చిన దారి అదే.

ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద రాసేవాళ్లలో చాలామంది రెండు వేర్వేరు కాలాలను కలిపేస్తారు. 7, 8 శతాబ్దాల ఐరిష్ ధర్మశాస్త్రాల్లో కనిపించే ఓలవ్ ఒకరు. ఇంగ్లండ్ వైపు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చాక, సుమారు 1200 నుంచి 1650 దాకా, కొన్ని పెద్ద కుటుంబాల్లో వంశపారంపర్యంగా కొనసాగిన ఓలవ్ ఇంకొకరు. బొబ్బల కథలు, కవులు కప్పుకునే ఈకల దుప్పట్లు మొదటి కాలానివి. మనకు మిగిలిన సుమారు 2,000 పద్యరచనల్లో ఎక్కువ భాగం రెండో కాలానివి. ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

పాత కాలంలో ఐర్లాండ్ అంటే నూటికి పైగా చిన్న చిన్న రాజ్యాలు. ప్రతి మనిషికీ చట్టంలో ఒక గౌరవ మూల్యం ఉండేది. అతన్ని ఎవరైనా అవమానిస్తే, గాయపరిస్తే కట్టాల్సిన పరిహారం దాన్నిబట్టి తేలేది. చిన్న రాజ్యపు రాజుకు అది 7 కుమల్‌లు. ఒక కుమల్ అంటే సాధారణంగా 3 పాడి ఆవుల విలువ. కవుల్లో ఓలవ్‌కు కూడా సరిగ్గా అదే, 7 కుమల్‌లు. వెంట 24 మంది పరివారంతో వచ్చే హక్కు కూడా అతనికి ఉండేది. వాళ్లందరికీ తిండి, పడక చూడాల్సింది ఆతిథ్యం ఇచ్చేవాడే. ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మామూలు మనిషి తన రాజ్యం సరిహద్దు దాటితే చట్టరక్షణ దాదాపు పోయేది. కవికి మాత్రం ఏ రాజ్యంలోకి వెళ్లినా అతని హోదా అతనికే ఉండేది. అంటే ఒక రాజుకు కోపం వస్తే ఇంకో రాజు దగ్గర బతకగలడు. ఈ స్వేచ్ఛే ఓలవ్‌ను ఆస్థాన కవి నుంచి వేరు చేస్తుందని నా అభిప్రాయం.

ఆ గౌరవం ఊరికే రాలేదు. కవుల్లో ఏడు మెట్లు ఉండేవి: అడుగున ఫోక్లక్, ఆపైన మక్‌ఫుర్మి, దోస్, కానో, క్లీ, ఆన్‌రుథ్, అన్నిటికన్నా పైన ఓలవ్. అడుగు మెట్టు వాడికి 30 రచనలు వస్తే చాలు. ఓలవ్‌కు 350 రావాలి. దీనికి తోడు 250 ముఖ్య కథలు, 100 ఉపకథలు నోటికి వచ్చి ఉండాలని మరో పాత గ్రంథం చెబుతుంది. తర్వాతి కాలపు ఛందోగ్రంథం ఒకటి ఏడాదికి ఏమేం చదవాలో చెబుతూ ఏకంగా 12 ఏళ్ల సిలబస్ ఇస్తుంది. అయినా చదువొక్కటే చాలదు. ఓలవ్ పరీక్షలో విద్యాశుద్ధితో పాటు నోటి శుద్ధి, చేతి శుద్ధి, దాంపత్య శుద్ధి కూడా చూసేవారు. అన్యాయంగా ఒకర్ని తిట్టకూడదు, రక్తం చిందించకూడదు, దొంగతనం అంటకూడదు. తండ్రి, తాత కూడా కవులై ఉంటే హోదా సంపూర్ణం. ఆ కాలపు చట్టం రాజ్యంలో నలుగురు పెద్దమనుషులను వాళ్ల తప్పు వల్ల కిందికి దించవచ్చని చెబుతుంది: తప్పుడు తీర్పు ఇచ్చిన రాజు, దారి తప్పిన బిషప్, మోసం చేసిన కవి, అయోగ్యుడైన ప్రభువు. కవి పేరు ఏ వరుసలో ఉందో చూడండి. ఇది మగవాళ్లకే పరిమితమైన లోకం అనుకోకండి. ఉవల్లఖ్ అనే ఆమె 934లో చనిపోయినప్పుడు ఐరిష్ వార్షిక చరిత్రలు ఆమెను ఐర్లాండ్ కవయిత్రి అని పేర్కొన్నాయి. అలాంటివాళ్లు తక్కువమందే, కానీ ఉన్నారు.

ఇక బొబ్బల సంగతి. వేములవాడ భీమకవి శాపాల కథలు విన్న మనకు ఇది కొత్తగా అనిపించదు. 900 ప్రాంతపు ఒక ఐరిష్ నిఘంటువులో ఈ కథ ఉంది. కొనాక్ట్ రాజు కయెర్‌కు అన్నదమ్ముడి కొడుకు నేదే అనే కవి. సింహాసనం మీద ఆశతో, ఏ తప్పూ లేని ఆ రాజు మీద తిట్టు పద్యం కట్టాడు. పొద్దున్నే బావి దగ్గర ముఖం కడుక్కోబోతే కయెర్‌కు చెంపల మీద మూడు బొబ్బలు తగిలాయి. ముఖం మీద లోపం ఉన్నవాడు రాజుగా ఉండకూడదు. సిగ్గుతో పారిపోయాడు. కథ అక్కడితో ఆగదు. అన్యాయంగా తిట్టిన నేదే కూడా చివరికి అందువల్లే చస్తాడు. పద్యానికి చర్మం మీద బొబ్బలు లేపే శక్తి ఉందా అంటే, ఆ జనం నమ్మారు, అంతవరకు చెప్పగలను. కానీ చట్టంలో దీని రూపం చాలా ఆచరణాత్మకంగా ఉంది. బాకీ కట్టని పెద్దమనిషి మీద కవి నేరుగా తిట్టు పద్యం విసరకూడదు. ముందు పొగడ్త, హెచ్చరిక కలిపిన పద్యం ఒకటి చదవాలి, గడువు ఇవ్వాలి. ఒక రకంగా లీగల్ నోటీసు. అప్పటికీ దారికి రాకపోతే అప్పుడు తిట్టు. న్యాయం లేకుండా తిట్టిన కవి పరిహారం కట్టాలి. న్యాయమైన తిట్టు పడ్డా లెక్కచేయకుండా ఊరుకున్న రాజు తన గౌరవ మూల్యాన్నే పోగొట్టుకుంటాడు. పోలీసులూ కోర్టు అమీనాలూ లేని సమాజంలో ఒక రాజును దారికి తెచ్చే మార్గం పరువే. ఆ పరువు తాళంచెవి కవి చేతిలో పెట్టారు, దాన్ని దుర్వినియోగం చేయకుండా కవి మీద కూడా చట్టం పెట్టారు. నాకు ఆ ఏర్పాటు మీద నిజంగా గౌరవం ఉంది.

ఇప్పుడు రెండో కాలానికి వద్దాం. 12వ శతాబ్దంలో చర్చి సంస్కరణలు, నార్మన్ల రాక వల్ల పాత మఠాల్లో ఉండే చదువు కుటుంబాల ఇళ్లకు మారింది. కవిత్వంలో ఓ డాలీలు, ఓ హిగిన్లు, స్కాట్లాండ్ వైపు మక్ వురిచ్‌లు. న్యాయంలో మక్ ఈగన్లు, ఓ డావరెన్లు. చరిత్రలో ఓ మల్కొన్‌రిలు, మక్ ఫర్బిస్‌లు, ఓ క్లేరీలు. వైద్యంలో ఓ హిక్కీలు, స్కాట్లాండ్‌లో బీటన్లు. ఒక్కో కుటుంబానికి ఒక్కో ప్రభువు, కౌలు లేని భూమి, సొంత బడి.

ఆ బడి గురించి చెప్పాలి. 1722లో అచ్చయిన ఒక వర్ణన ఉంది, ఆ పద్ధతి తెలిసినవాడి మాటలే. సెప్టెంబరు చివర మొదలై మార్చి 25 దాకా, అంటే చలికాలమంతా బడి. ఊరికి, చుట్టాలకు, చప్పుళ్లకు దూరంగా ఉన్న చోటు చూసుకునేవారు. పొడవాటి, ఎత్తు తక్కువ ఇల్లు. కిటికీలు ఉండవు. లోపల ఒక్కో విద్యార్థికి చిన్న గది: ఒక మంచం, ఒక బల్ల, కూర్చోవడానికి కుర్చీ, బట్టలు తగిలించుకునే కొక్కెం. రాత్రి గురువు విషయం, ఛందస్సు ఇచ్చి వెళ్తాడు. మర్నాడు పగలంతా ప్రతి ఒక్కడూ ఆ చీకట్లో మంచం మీద పడుకుని, కాగితం, కలం లేకుండా మనసులోనే పద్యం కట్టాలి. రాత్రి ఒక వేళకు దీపాలు వస్తాయి. అప్పుడు రాసుకోవాలి. తర్వాత బట్టలు మార్చుకుని పెద్ద గదిలో గురువుల ముందుకు వెళ్లి చదవాలి. దిద్దడమో మెచ్చుకోవడమో జరుగుతుంది, మర్నాటికి మళ్లీ అదే విషయమో కొత్తదో ఇస్తారు. శనివారాలు, పండగ ముందు రోజులు మాత్రం చుట్టుపక్కల పెద్దమనుషుల ఇళ్లకు భోజనానికి వెళ్లేవారు. స్కాట్లాండ్ పడమటి దీవుల వాడైన మార్టిన్ మార్టిన్ 1703 నాటి తన పుస్తకంలో అక్కడి కవుల గురించి ఇలాంటిదే చెప్పాడు: తలుపులు, కిటికీలు మూసి, తలకు శాలువా చుట్టుకుని, పొట్ట మీద రాయి పెట్టుకుని వెల్లకిలా పడుకుని పద్యం కడతారని.

ఎందుకింత కష్టం అంటే, ఆ ఛందస్సు అలాంటిది. ఇక్కడ తెలుగు పద్యం తెలిసినవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, ఇంగ్లీషు పాఠకులకు తలనొప్పి తెచ్చే విషయం మనకు వెంటనే పట్టుబడుతుంది. మనకు యతిలో క, ఖ, గ, ఘ ఒక వర్గం, ఒకదానికొకటి చెల్లుతాయి. గేలిక్ పద్యంలోనూ అంత్యప్రాసకు హల్లులను గుంపులుగా విడగొట్టారు. ఐతే మనది నోట్లో పుట్టే చోటును బట్టి, వాళ్లది పలికే తీరును బట్టి. క, ప, త లాంటివి ఒక గుంపు, గ, బ, ద లాంటివి ఇంకో గుంపు. ‘క’తో ముగిసే మాటకు ‘త’తో ముగిసే మాట ప్రాసగా చెల్లుతుంది, ‘గ’తో ముగిసేది చెల్లదు. మాటల మొదట్లో వచ్చే ధ్వని సామ్యం వేరే ఉంది, అందులో ఏ అచ్చుకైనా ఏ అచ్చైనా సరిపోతుంది. ఎక్కువగా వాడిన దెవీ అనే ఛందస్సులో పాదానికి 7 అక్షరాలు, నాలుగు పాదాలు, జంట పాదాల్లో రెండోదాని చివరి మాట మొదటిదాని చివరి మాట కంటే ఒక అక్షరం పొడవు ఉండాలి, అయినా ప్రాస కుదరాలి. ఇవన్నీ తప్పకుండా, 1200 ప్రాంతంలో స్థిరపడ్డ ప్రామాణిక భాషలో, ఐర్లాండ్ దక్షిణ కొస నుంచి స్కాట్లాండ్ దీవుల దాకా ఒకే వ్యాకరణంతో నాలుగు వందల ఏళ్లకు పైగా రాశారు. మనకూ వాళ్లకూ చారిత్రకంగా ఏ సంబంధమూ లేదు. అయినా మన ఛందస్సు చదువుకున్నవాడు ఆ పద్యాలను ‘కృత్రిమం’ అని కొట్టిపారేయడు.

రచన పూర్తయ్యాక సభలో చదివేది కవి కాదు. దానికి రెకరే అనే పాఠకుడు వేరే ఉండేవాడు, పక్కన హార్ప్ వాయిద్యం. ఓలవ్ కూర్చుని వింటాడు.

ఆ పద్యాల్లో ఏముంది? ఎక్కువగా పొగడ్త, వంశావళి, చావు పద్యం. ఆధునిక పాఠకుడికి ఇది భట్రాజు పొగడ్తలా అనిపించవచ్చు. కానీ అప్పటి పరిస్థితిలో పెట్టి చూడండి. ఒక ప్రభువు చనిపోతే పెద్దకొడుక్కే గద్దె వస్తుందన్న నియమం లేదు. అన్నదమ్ములూ, పినతండ్రులూ, వాళ్ల కొడుకులూ అందరూ హక్కుదారులే. అలాంటి చోట ఫలానావాడు ఫలానా వంశంలో ఫలానావాడి కొడుకు, ఈ నేల ఇతనిది అని ఓలవ్ పద్యంలో చెప్పడం భూమి పట్టా చేతికి ఇచ్చినట్టే. 13వ శతాబ్దపు కవి గిల్ల బ్రీడ మక్ కొన్ మీ తన పద్యంలో ఈ వాదనే చేశాడు. కవులను వెళ్లగొట్టాలని రోమ్ నుంచి వార్త తెచ్చానన్నవాడికి ఆయన జవాబు: కవిత్వం పోతే మనిషికి తండ్రి పేరు తప్ప వెనకటి వంశం ఏదీ మిగలదు, ప్రభువుకూ మామూలువాడికీ తేడా తెలియదు.

ఆ వృత్తిలో చిత్తశుద్ధి గురించి మీకు సందేహం రావచ్చు. 1387లో చనిపోయిన గోఫ్రీ ఫిన్ ఓ డాలీ దీన్ని దాచుకోలేదు. డెస్మండ్ ఎర్ల్ అనే నార్మన్ వంశపు ప్రభువు కోసం రాసిన పద్యంలో సూటిగా చెప్పాడు: ఇంగ్లీషువాళ్లకు రాసేటప్పుడు గేలిక్ వాళ్లను ఐర్లాండ్ నుంచి వెళ్లగొడతామని మాట ఇస్తాం, గేలిక్ వాళ్లకు రాసేటప్పుడు ఇంగ్లీషువాళ్లను సముద్రం దాటిస్తామని మాట ఇస్తాం. దీన్ని అవకాశవాదం అనేవాళ్లున్నారు. నేను అలా చూడను. పొగడ్త పద్యం ఒక నిర్ణీత ప్రక్రియ, అందులో ఏ మాట ఎందుకు వస్తుందో చెప్పేవాడికీ వినేవాడికీ తెలుసు. వకీలు కక్షిదారు తరఫున మాట్లాడినంత మాత్రాన అబద్ధాలకోరు కాడు.

కవులకు దక్కిన ఆదరణకు ఒక్క ఉదాహరణ చెబుతాను. 1351 క్రిస్మస్‌కు విలియం ఓ కెల్లీ ఐర్లాండ్‌లోని కవులు, న్యాయవేత్తలు, చరిత్రకారులు, వాద్యకారులు, గారడీవాళ్లు అందరినీ తన ఇంటికి పిలిచాడు. ఆ విందు మీద గోఫ్రీ ఫిన్ రాసిన పద్యం ఉంది. అతిథుల కోసం కట్టిన తాత్కాలిక ఇళ్లు వీధులు వీధులుగా తీర్చి ఉన్నాయట. కవులకో వీధి, వాద్యకారులకో వీధి. వాటి మధ్య ఓ కెల్లీ కోట ఎలా ఉందంటే, రాతప్రతిలో చిన్న అక్షరాల వరుస ముందు చిత్రించిన పెద్ద అక్షరంలా ఉందంటాడు కవి. రోజూ తోలుకాగితం మీద రాసే మనిషికే తట్టే ఉపమానం అది. 1433లో ఓ కొనర్ ప్రభువు భార్య మార్గరెట్ ఇలాంటి విందులు ఒకే ఏడాదిలో రెండు చేసింది. మొదటిదానికి వచ్చిన విద్వాంసుల సంఖ్య 2,700 అని వార్షిక చరిత్ర రాసుకుంది.

చేతి శుద్ధి అన్నాను కదా, అది అందరూ పాటించలేదు. 1213లో స్లైగో తీరాన లిస్సడెల్‌లో ఉన్న మురేయఖ్ ఓ డాలీ దగ్గరికి ఓ డొనెల్ ప్రభువు తరఫు అధికారి శిస్తు వసూలుకు వచ్చి నోరు పారేసుకున్నాడు. కవి గొడ్డలితో అతన్ని నరికేశాడు. ఓ డొనెల్ సైన్యంతో వెంటపడ్డాడు. కవి క్లాన్‌రికార్డ్, థోమండ్, లిమరిక్, డబ్లిన్ మీదుగా పారిపోతూ చివరికి స్కాట్లాండ్ చేరాడు. దారిలో ఆశ్రయం అడుగుతూ రాసిన పద్యంలో, ఒక మోటువాడు నన్ను తిట్టాడు, నేను వాణ్ని చంపాను, దేవుడా, ఇదీ పగకు కారణమేనా అంటాడు. అంత అహంకారం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కొన్నేళ్లకు ఓ డొనెల్‌ను పొగుడుతూ మూడు పద్యాలు రాసి పంపాక క్షమాభిక్ష దొరికింది, భూమి కూడా దొరికింది. ఇదే మనిషి భార్య మేల్ మేఅ చనిపోయినప్పుడు రాసిన పద్యం నేను చదివిన చావు పద్యాల్లో అన్నిటికన్నా గొప్పది. ఇరవై ఏళ్లు కలిసి బతికాం, పదకొండు మంది పిల్లలు, రాత్రి నా ప్రాణం నన్ను విడిచి వెళ్లింది అంటాడు. పొగడ్త కోసం నేర్చుకున్న ఛందస్సులోనే దాన్ని చెప్పాడు, ఒక్క ప్రాస కూడా తప్పలేదు.

ప్రభువుకీ ఓలవ్‌కీ మధ్య ఉన్న బంధం తెలియాలంటే ఫర్మానాలో మగ్వైర్ ప్రభువుల ఓలవ్ అయిన యోహీ ఓ హోసాను చదవాలి. తన పదవికి రావాల్సినవి ఏమిటో ఆయన ఒక పద్యంలో వరసగా చెబుతాడు: ప్రభువు భుజం పక్కన చోటు, రహస్యాల్లో భాగం, పడకలో భాగం. ఏనుగు ఆపి చేయి ఊతమిచ్చి ఎక్కించుకున్న రాయలను తలుచుకునే పెద్దన పద్యం మనకు గుర్తొస్తుంది. ఒక్క తేడా. పెద్దన పోయిన రాజు ప్రేమను తలుచుకుంటున్నాడు, ఓ హోసా బతికి ఉన్న ప్రభువుకు తన హక్కులు గుర్తు చేస్తున్నాడు. 1600 ఆరంభంలో హ్యూ మగ్వైర్ చలిలో దక్షిణానికి దండయాత్రకు వెళ్లినప్పుడు ఇదే కవి ఇంట్లో కూర్చుని రాసిన పద్యం ఇంకా లోతైనది. ఈ రాత్రి హ్యూకు చలిగా ఉంటుంది అని మొదలవుతుంది. వాన, పిడుగులు, గడ్డకట్టిన కళ్లు, కవచానికి అంటుకున్న చేతులు. అతను తగలబెడుతున్న సున్నపు గోడల కోటల మంటే అతనికి వెచ్చదనం అని తనను తాను ఓదార్చుకుంటాడు. ఆ యాత్ర నుంచి హ్యూ తిరిగి రాలేదు. మార్చిలో కార్క్ దగ్గర చనిపోయాడు.

మూడో ప్రశ్న: ఏమైపోయింది? ఇంగ్లీషు ప్రభుత్వానికి ఈ కవులంటే మొదటి నుంచీ భయమే. 1366 నాటి కిల్కెనీ చట్టం గేలిక్ కవులకు, వాద్యకారులకు ఆతిథ్యం ఇవ్వవద్దని అక్కడి ఇంగ్లీషువాళ్లను శాసించింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఓలవ్‌ను దెబ్బతీసింది నిషేధాలు కాదు, పోషించే ప్రభువులు పోవడం. 1601 చివర కిన్సేల్ యుద్ధంలో గేలిక్ ప్రభువులు ఓడారు. 1607లో ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ ప్రాంతపు ఎర్ల్‌లు ఓడెక్కి ఐరోపాకు వెళ్లిపోయారు. వాళ్ల భూములను ఇంగ్లీషు, స్కాటిష్ వలసదారులకు పంచారు. స్కాట్లాండ్‌లో 1609 నాటి అయోనా శాసనాలు దీవుల పెద్దలు బార్డ్‌లను, అంటే కవులను, చేరదీయకూడదన్నాయి, వాళ్ల వారసులను ఇంగ్లీషు చదువుకు పంపాలన్నాయి. కొత్త ప్రభువుకు గేలిక్ రాదు, వంశావళి పద్యం అతనికి అక్కర్లేదు, అతని భూమి హక్కు లండన్ ముద్ర వేసిన కాగితంలో ఉంది. పద్యం చేసిన పని కాగితం చేయడం మొదలుపెట్టాక ఓలవ్‌కు భూమి ఇచ్చేవాడు లేడు, భూమి లేకపోతే బడి లేదు, బడి లేకపోతే పన్నెండేళ్ల చదువు లేదు. రెండు తరాల్లో అంతా అయిపోయింది.

అప్పటి కవులకు ఇది కళ్ల ముందు కనిపించింది. దక్షిణాన ఉన్న మన్‌స్టర్ ప్రాంతపు కవి మహూన్ ఓ హిఫర్నాన్ చక్కని పద్యం చేత పట్టుకుని సంత సంతకూ తిరిగాననీ, ఎవరు కొంటారు అని అడిగితే ఒక్కడూ చిల్లిగవ్వ ఇవ్వలేదనీ రాశాడు. ఈ పని కంటే దువ్వెనలు చేసుకోవడం గౌరవం అన్నాడు. ఇంకో పద్యంలో కొడుక్కి సూటిగా చెప్పాడు, నువ్వు కవిత్వం నేర్చుకోకు అని. 1616 నుంచి 1624 దాకా ఉత్తర, దక్షిణ ఐర్లాండ్‌లలో ఏది గొప్పదని కవులు పద్యాల్లో పెద్ద వాదం నడిపారు. ఎంతో విద్య ఉన్న వేటకుక్కలు ఖాళీ పడక కోసం కొట్లాడుకుంటున్నాయని అప్పటివాడే ఒకడు దాని మీద పద్యం చెప్పాడు. నాకు మాత్రం ఆ కవుల మీద కోపం రాదు. వాళ్లకు తెలిసిన పని అదొక్కటే.

స్కాట్లాండ్‌లో ఇంకొంచెం ఎక్కువ కాలం నిలిచింది. గొడ్డలి పట్టిన మురేయఖ్ వంశమే మేమని చెప్పుకునే మక్ వురిచ్‌లు సౌత్ యూయిస్ట్ దీవిలో క్లాన్‌రానల్డ్ ప్రభువుల దగ్గర ఉండేవారు. 1726లో చనిపోయిన నీల్ మక్ వురిచ్‌తో పాత పద్ధతిలో రాయగలిగినవాళ్లు ఆగిపోయారు. 1800లో ఆ వంశంవాడే లాఖ్లన్ ప్రమాణం చేసి ఇచ్చిన వాఙ్మూలం ఉంది. మురేయఖ్ నుంచి తాను పద్దెనిమిదో తరమని చెప్పాడు. వంశచరిత్ర కాపాడినంతకాలం భూమి మీదేనన్న షరతుతో తమకు నేల ఉండేదనీ, అది తండ్రి కాలంలో పోయిందనీ చెప్పాడు. తోలుకాగితపు పుస్తకాల్లో రెండు మూడింటిని దర్జీలు కొలత పట్టీల కోసం కత్తిరించడం చూశానన్నాడు. తనకు చదవడం నేర్పలేదన్నాడు. అంత చదువుకున్న వంశంలో పుట్టినవాడు ఆ మాట అనాల్సి రావడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఈ రోజు పరిస్థితి ఇదీ. మీ అబ్బాయి చూసిన ‘అన్ టోలవ్’ కేవలం ప్రొఫెసర్ హోదా, పాత హక్కులేవీ దానికి లేవు. ఐర్లాండ్‌లో 1981లో కళాకారుల కోసం ఏర్పాటైన ఆస్‌డానా అనే సంస్థ ఆ పాత విద్వాంసుల వర్గం పేరునే పెట్టుకుంది, అర్హులైన సభ్యులకు జీవనభృతి ఇస్తుంది. షేమస్ హీనీకి 1995లో నోబెల్ వచ్చాక, 1998లో ఐర్లాండ్ కవిత్వ ప్రొఫెసర్ పదవిని పెట్టారు. ఐరిష్‌లో దానికీ ఓలవ్ అన్న బిరుదే.

మీ అబ్బాయి గాల్వేలో ఉన్నాడు కాబట్టి ఒక సలహా. అక్కడి నుంచి దక్షిణంగా క్లేర్ జిల్లా బరెన్ రాతినేలలో కాహర్‌మక్‌నాక్టన్ అనే గుండ్రటి రాతికోట ఉంది. ఓ డావరెన్ల న్యాయబడి అక్కడే నడిచింది. 1560లలో ఆ బడి విద్యార్థులు గురువుతో కలిసి రాసిన ధర్మశాస్త్ర ప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, అంచుల్లో వాళ్లు రాసుకున్న సొంత మాటలతో సహా. వెళ్లలేకపోతే డబ్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వాళ్లు పాత ఐరిష్ రాతప్రతులను ఫొటో తీసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. ‘ఐరిష్ స్క్రిప్ట్ ఆన్ స్క్రీన్’ అని వెతికితే వస్తుంది. మొదట మక్ ఫర్బిస్‌ల బడిలో తయారైన లెకాన్ గ్రంథం పేజీలు తిరగేయమనండి. భాష రాకపోయినా, గోఫ్రీ ఫిన్ కోటతో పోల్చిన ఆ పెద్ద అక్షరం ఎలాంటిదో అక్కడ కనిపిస్తుంది.